వర్క్ ఫ్రమ్ హోమ్ సరే, ఆ హోమ్ ఎక్కడుంది?

(వాడ నుంచి - 17వ భాగం)

"నీకేంటన్నా, ఫ్యాను కింద కూర్చుని లక్షలు!"

ఈ మాట వారానికి ఒకసారైనా నా చెవిన పడుతుంది. వాడలో కుర్రాళ్ళు అంటారు. చుట్టాల పెళ్ళిళ్ళలో అంటారు. మొన్నొక మీటింగులో మన పెద్దాయన ఒకరు మైకులోనే అన్నారు. "మన పిల్లలు ఇంట్లో కూర్చుని అమెరికావాడికి పని చేస్తున్నారు. కులం లేదు గిలం లేదు, అంతా కంప్యూటరే" అని. చప్పట్లు బాగానే పడ్డాయి.

ఆ చప్పట్లను నేను తక్కువ చేయను. పాలేరుతనం చేసిన తరం అది. మనవడు లాప్‌టాప్ ముందు కూర్చుంటే వాళ్ళకు పొంగు వస్తుంది, రావాలి కూడా.

కానీ ఆ మాటలో రెండు ముక్కలున్నాయి. "ఇంట్లో కూర్చుని" అన్నది ఒకటి. "కులం లేదు" అన్నది రెండోది. ఈ రెండూ ఒకే వాక్యంలో ఇమడవు. ఎందుకంటే ఈ దేశంలో కులం అన్నిటికన్నా ముందు పంచిపెట్టింది ఇల్లే. ఎవరి ఇల్లు ఊళ్ళో ఉండాలి, ఎవరిది ఊరి బయట ఉండాలి, ఎవరికి ఎన్ని గదులు, ఏ వీధికి కరెంటు స్తంభం ముందు రావాలి, ఇవన్నీ మనం పుట్టకముందే తేలిపోయాయి. అలా తేలిపోయిన ఇంటినే ఇవాళ కంపెనీ తన ఆఫీసు చేసుకుంది. అద్దె కట్టకుండా!

ఈ భాగం దాని గురించే. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

అసలు పనేంటి?

సాఫ్ట్‌వేర్ పని బయటివాళ్ళకు కనపడదు. అందుకే ముందు అది చెప్తాను.

నాకు ఈ రంగంలో పదమూడేళ్ళు. 2020 మార్చి 24 రాత్రి ప్రధాని 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించినప్పుడు హైదరాబాదు నుంచి లాప్‌టాప్ సంచితో బయటపడ్డవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అప్పటి నుంచి ఎక్కువ కాలం బాపట్ల దగ్గర మా ఊరి నుంచే పని. మా కంపెనీ అమెరికాలో ఒక ఇన్సూరెన్సు సంస్థకు సాఫ్ట్‌వేర్ రాస్తుంది. క్లెయిము వచ్చినప్పుడు ఎంత ఇవ్వాలో లెక్కగట్టే ప్రోగ్రాం మా టీముది.

మధ్యాహ్నం ఒంటిగంటకు లాగిన్. టికెట్లు చూసుకోవడం, కోడ్ రాయడం, రాసిన కోడ్‌ను పక్కవాడు రివ్యూ చేయడం. సాయంత్రం ఏడున్నరకు స్టాండప్ కాల్. అప్పుడు వాళ్ళకు అక్కడ తెల్లారి ఆఫీసు మొదలవుతుంది. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, ఎక్కడ ఆగావు, ఈ మూడు ప్రశ్నలకూ రోజూ జవాబు చెప్పాలి. రాత్రి పదిన్నర దాకా మీటింగులు. నెలలో ఒక వారం ఆన్‌కాల్. ఆ వారం ఫోను దిండు కిందే ఉంటుంది, ఏ వేళ మోగినా లేవాలి.

టీమ్స్‌లో పేరు పక్కన పచ్చచుక్క ఒకటి ఉంటుంది. ఐదు నిమిషాలు మౌసు కదపకపోతే పసుపు అవుతుంది. మా నాన్న పొలంలో నడుము ఎత్తితే గట్టు మీద నుంచి కేక వచ్చేదట. నాకు కేక రాదు, చుక్క రంగు మారుతుంది. రెండూ ఒకటే అని నేననను. మా నాన్నకు సాయంత్రం దొరికింది కుంచెడు గింజలు, నాకు నెల తిరిగేసరికి బ్యాంకులో జీతం పడుతుంది. తేడా చాలా ఉంది. కానీ చూసే కన్ను ఎప్పుడూ పైనుంచే చూస్తుందని మాత్రం చెప్పగలను.

పనిగంటలకు చట్టం లేదా అంటారేమో. దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. పనిగంటలు, సెలవులు, ఆడవాళ్ళ రాత్రి షిఫ్టులకు సంబంధించిన సెక్షన్ల నుంచి ఐటీ కంపెనీలకు మన ప్రభుత్వాలు మినహాయింపుల జీవోలు ఇస్తూ వచ్చాయి. ఆఫీసుకు వెళ్ళే రోజుల్లో క్యాబు వచ్చే టైమే పనికి హద్దు. ఇంటికొచ్చాక ఆ హద్దు కూడా పోయింది.

340 అడుగుల్లో ఆఫీసు ఏ మూల?

ఇప్పుడు ఇంటి సంగతి.

పేదవాడి ఇల్లు ఎంత ఉండాలో ప్రభుత్వమే కొలిచి పెట్టింది. కేంద్రం ఇచ్చే గ్రామీణ ఆవాస్ యోజన ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు, వంటచోటుతో కలిపి. అంటే 270 అడుగులు కూడా నిండవు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో పంపిణీ మొదలైన స్థలాలు పల్లెల్లో సెంటున్నర, పట్నాల్లో సెంటు. అందులో కట్టే ఇల్లు 340 చదరపు అడుగులు. అది రాని కుటుంబాలకు అది వరమే, కాదనను. ఆ ఇంటి కోసం ధర్నాలు చేసిన వాళ్ళం మనమే.

కానీ ఆ 340 అడుగుల్లో అమ్మా నాన్న, నాయనమ్మ, ఇద్దరు పిల్లలు, మంచం, బీరువా, బియ్యం డ్రమ్ము పోను, తలుపు వేసుకుని తొమ్మిది గంటలు కాల్స్ మాట్లాడే మూల ఏది? రేకుల కప్పు మీద వాన పడుతుంటే మైకు ఎలా ఆన్ చేస్తావు? ఎదురింట్లో చావు జరిగి డప్పు మోగుతుంటే "సారీ, లిటిల్ నాయిస్" అని ఎన్నిసార్లు అంటావు? మన టీములో మేడ గదిలో కూర్చున్నవాడికి ఈ ప్రశ్నలేవీ లేవు. వాడు తెలివైనవాడే, కష్టపడతాడు కూడా. అయితే వాడి కష్టమంతా పనికే పోతుంది. మన కష్టంలో సగం, పని చేయడానికి చోటు తయారు చేసుకోవడానికే పోతుంది.

డబ్బు లెక్క కూడా చెప్తాను. ఇన్వర్టరూ బ్యాటరీ 26,000. కుర్చీ 8,500. బల్ల 4,000. కలిపి 38,500. ఇది కాక ఒక కేబుల్ నెట్టు, అది పోయినప్పుడు ఫోను డేటా, రెండూ కలిపి నెలకు 1,100. కంపెనీ ఏడాదిపాటు నెలకు వెయ్యి ఇచ్చి తర్వాత ఆపేసింది. కరెంటు బిల్లు మాది, టీ మాది, నడుంనొప్పి మాది. హైటెక్ సిటీలో రెండు అంతస్తులు ఖాళీ చేసి మిగుల్చుకున్న అద్దె మాత్రం వాళ్ళది.

కేబుల్ కథ ఒకటుంది. ఊరి సెంటరు దాకా తీగ ఉంది. మా వాడలోకి లాగమంటే ఆ కేబుల్ అతను "మీ వైపు పది కనెక్షన్లు పోగెయ్, అప్పుడు చూద్దాం" అన్నాడు. ఊళ్ళో వీధికి రెండే కనెక్షన్లున్నా తీగ ఉంది. ఎందుకని అడిగితే "వాళ్ళు బిల్లు కడతార్లే" అన్నాడు. కులం మాట ఒక్కటి ఎత్తలేదు. ఎత్తాల్సిన పని అతనికి లేదు. పదిమందిని పోగేశాం. తీగ వచ్చింది. ఇవాళ ఆ పది ఇళ్ళలో పిల్లలు చదువుకుంటున్నారు.

గదిలో ఇంకెవరూ ఉండకూడదట

ఉద్యోగం చేసేవాడి సంగతి ఇలా ఉంటే, ఉద్యోగం వెతుక్కునే పిల్లల సంగతి ఇంకా చూడాలి.

ఇప్పుడు కంపెనీల మొదటి పరీక్ష చాలావరకు ఇంటి నుంచే. కెమెరా ఆన్‌లో ఉండాలి. కొన్ని పరీక్షల్లో మొదలయ్యే ముందు లాప్‌టాప్ తిప్పి గది నాలుగు గోడలూ చూపించాలి. గదిలో ఇంకో మనిషి ఉండకూడదు, ఇంకో గొంతు వినపడకూడదు. సాఫ్ట్‌వేరే కనిపెట్టి హెచ్చరిస్తుంది.

మా చిన్నాన్న కూతురు బీటెక్ చదివింది. ఇంట్లో ఒక గది, ఒక వసారా, ఆరుగురు మనుషులు. పరీక్ష రోజు అందర్నీ వసారాలోకి పంపింది. నాయనమ్మకు ఈ సంగతులు తెలియవు, షుగరు మాత్రల కోసం లోపలికి వచ్చింది. స్క్రీన్ మీద హెచ్చరిక. కాసేపటికి బయట కూరగాయల బండి అరుపు. ఇంకో హెచ్చరిక. మూడోసారి నాయనమ్మ నీళ్ళ కోసం వచ్చింది. పరీక్ష మూసేశారు. మెయిలు పెడితే జవాబు లేదు.

ఆ పిల్లకు కోడింగ్ రాక పోలేదు ఆ ఉద్యోగం. నాయనమ్మకు వేరే గది లేక పోయింది. ఆ నిబంధన రాసినవాడికి మన మీద పగ ఏమీ లేదు. ప్రతి మనిషికీ తలుపున్న గది ఒకటి ఉంటుందని వాడు అనుకున్నాడు, అంతే. వాడి ఇంట్లో ఉంది కాబట్టి అనుకున్నాడు. కులం ఇవాళ పని చేసే తీరు ఇదే. అంటరానివాడు రాకూడదని బోర్డు పెట్టరు. గది ఉన్నవాళ్ళే రావాలని రూలు పెడతారు.

తర్వాతి పరీక్ష చీరాలలో స్నేహితురాలి మేడ గదిలో రాసింది. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. అందరికీ చీరాలలో స్నేహితురాలు ఉండదు కదా.

బరోడా నుంచి మణికొండ దాకా

గది లేక ఉద్యోగం పోవడం మనకు కొత్త కాదు. ఆ వరుసలో మొదట నిలబడ్డది బాబాసాహెబే.

1917లో ఆయన కొలంబియాలో, లండన్‌లో చదువుకుని బరోడా సంస్థానం కొలువులో చేరడానికి వెళ్ళారు. ఉండటానికి ఎవరూ చోటివ్వలేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించుకుని దిగారు. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకుని డజనుమంది వచ్చారు. సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. తెలిసినవాళ్ళను అడిగారు, వాళ్ళూ తప్పించుకున్నారు. చివరికి ఒక తోటలో కూర్చుని, రాత్రి బండికి బొంబాయి వెళ్ళిపోయారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే ఇదంతా రాసుకున్నారు. ఆ కొలువు చేజారింది చదువు చాలక కాదు, తల దాచుకునే చోటు దొరక్క.

వందేళ్ళ తర్వాత మణికొండలో, మియాపూర్‌లో ఇల్లు వెతుక్కున్న మన పిల్లల్ని అడగండి. "మీరేవిట్లు?" అని సూటిగా అడిగేవాళ్ళు కొందరు. "నాన్‌వెజ్ తింటారా? ఆదివారం చర్చికి వెళ్తారా?" అని చుట్టూ తిప్పి అడిగేవాళ్ళు కొందరు. ఇంటిపేరు చెప్పగానే "ఇప్పుడే ఇంకొకరికి ఇచ్చేశాం" అనేవాళ్ళు ఇంకొందరు. ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ళ మీద సుఖదేవ్ థోరాట్, ఆయన సహచరులు చేసిన అధ్యయనం 2015లో ఈపీడబ్ల్యూ పత్రికలో వచ్చింది. దళితులకూ ముస్లింలకూ ఇల్లు దొరకడం ఎంత కష్టమో అందులో ఉంది. మనకు ఆ అధ్యయనం చదవక్కర్లేదు, మన అడ్వాన్సులూ మన బ్రోకర్లూ చాలు.

అందుకే ఇంటి నుంచి పని అనగానే మనలో చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. నేనూ పీల్చుకున్నాను. ఇంటి ఓనరు ప్రశ్నలు లేవు. ఆఫీసు క్యాంటీన్‌లో బాక్సు మూత తీయగానే పక్కవాళ్ళ ముక్కులు ముడుచుకోవడం లేదు. మా అమ్మ చేతి కూర వేడిగా తింటూ పని చేశాను. అద్దె మిగిలి అప్పు తీరింది. వాడలో పిల్లలు లాప్‌టాప్ దగ్గర నుంచి చూశారు, "ఇది రాయడం నేర్పవా అన్నా" అన్నారు. ఈ మేలు చిన్నది కాదు.

అయితే ఊరికి తిరిగి రావడమంటే ఎక్కడికి తిరిగి రావడం?

1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ పల్లెటూరి గురించి బాబాసాహెబ్ ఎంత కటువుగా మాట్లాడారో మీకు తెలుసు. ఊరిని పొగిడేవాళ్ళంతా ఊరి మధ్యలో ఇల్లున్నవాళ్ళు. కారంచేడు నుంచి మనవాళ్ళు 1985లో ప్రాణాలు చేతబట్టుకుని చీరాలకు నడిచి వెళ్ళారు. ఊరు వదలడం మనకు విలాసం కాదు, రక్షణ. పట్నం గొప్పదేం కాదు, కానీ పట్నంలో బస్సెక్కితే నీ పక్కన కూర్చున్నవాడికి నువ్వెవరో తెలియదు. ఊళ్ళో ప్రతి గట్టుకూ తెలుసు.

నేను ఊళ్ళో దిగిన మొదటి నెలలోనే ఒక పెద్దమనిషి, "ఏరా, ఉద్యోగం ఊడిందా, ఇక్కడే తిరుగుతున్నావ్?" అన్నాడు. నా జీతం ఎంతో ఆయనకు తెలియదు. తెలిసినా ఆ "ఏరా" మారదు. పట్నంలో నాకు పదేళ్ళుగా అలవాటైన "మీరు" ఊరి పొలిమేరలోనే ఆగిపోయింది. మధ్యాహ్నం ఒంటిగంటకు లాగిన్ అయితే కాలిఫోర్నియా నుంచి ఒకడు "గ్రేట్ వర్క్" అంటాడు. పాల ప్యాకెట్టు కోసం బయటికి వెళ్తే "ఏరా". రెండూ ఒకే రోజు, ఒకే మనిషికి. ఊరికి వెళ్ళి పని చేసుకోమని చెప్పేవాళ్ళకు ఈ సంగతి లెక్కలోకి రాదు.

తీగ మీద కులం నడవదా?

"స్క్రీన్ మీద కోడ్ ఒక్కటే కనపడుతుంది" అంటారు. సరే, చూద్దాం.

ఆఫీసులో ఉన్నప్పుడు ఎవరెవరు కలిసి టీకి వెళ్తున్నారో కనపడేది. ఇప్పుడు ఆ టీ ఒక వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళింది. మనకు అది ఉందని కూడా తెలియదు. ప్రమోషన్ గురించి, కొత్త ప్రాజెక్టు గురించి మాటలు అక్కడే తేలిపోతాయి. మనం స్టాండప్ కాల్‌లో ఆ నిర్ణయాన్ని వింటాం. మళ్ళీ ఉద్యోగాలు ఎక్కువగా దొరికేది రిఫరల్ మీద. రిఫరల్ అంటే నాకు తెలిసినవాడు. తెలిసినవాళ్ళు ఎవరు? కాలేజీ, చుట్టరికం, కుల సంఘం, అమెరికాలో ఆ సంఘానికే ఉన్న ఇంకో కొమ్మ.

ముఖం కనపడకపోయినా పేరు కనపడుతుంది. థోరాట్, పాల్ అటెవెల్ కలిసి చేసిన ప్రయోగం 2007లో అచ్చయింది. చదువూ అర్హతా సమానంగా ఉన్న దరఖాస్తుల్ని పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు కంపెనీల ప్రకటనలకు పంపారు. దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల పేరుకన్నా తగ్గింది. అక్కడ మనిషే లేడు, కాగితం ఒక్కటే ఉంది. అయినా కులం దాన్ని చదివేసింది.

కెమెరా ఇంకో కథ. నా వెనక గోడ మీద బాబాసాహెబ్ ఫోటో ఉంటుంది. నేను దాన్ని బ్లర్ చేయను. ఒక లీడు "బ్యాక్‌గ్రౌండ్ కొంచెం ప్రొఫెషనల్‌గా పెట్టుకో" అని చాట్ పెట్టాడు. అదే కాల్‌లో ఇంకొకరి వెనక దేవుడి గది, దీపం, హారతి పళ్ళెం అన్నీ ఉన్నాయి. దానికి ఆయన "వెరీ పీస్‌ఫుల్" అన్నాడు. రాజ్యాంగం రాసిన మనిషి ఫోటో ఏ విధంగా ప్రొఫెషనల్ కాదో రాతపూర్వకంగా చెప్పమని జవాబిచ్చాను. చెప్పలేదు, మళ్ళీ అడగలేదు. అలా అడగగలగడానికి నాకు పదమూడేళ్ళ అనుభవం ఉంది. కొత్తగా చేరిన పిల్లవాడు ఏం చేస్తాడు? ఫోటో తీసి పక్కన పెడతాడు. వాడి ఇంట్లోనే, వాడి గోడ మీద నుంచే!

2020 జూన్‌లో కాలిఫోర్నియా పౌరహక్కుల శాఖ సిస్కో కంపెనీ మీద, ఇద్దరు మేనేజర్ల మీద ఒక దళిత ఇంజనీరు విషయంలో కుల వివక్ష కేసు వేసింది. సిస్కో ఆరోపణల్ని తోసిపుచ్చింది. 2023లో ఆ ఇద్దరి మీద కేసును శాఖే వెనక్కి తీసుకుని, కంపెనీ మీద కొనసాగించింది. కేసు ఎటు పోయినా ఒక పని జరిగింది. సాఫ్ట్‌వేర్‌లో కులం అన్న మాట బయటికి వచ్చింది. ఆపిల్ 2020లోనే తన వివక్ష వ్యతిరేక నియమాల్లో కులాన్ని పేరు పెట్టి చేర్చింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడు అక్టోబరులో కాలిఫోర్నియా చట్టసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ న్యూసమ్ వీటో చేశాడు. అంటే పోరాటం మధ్యలో ఉంది.

మన దేశంలో ఇంకో చిక్కు ఉంది. అట్రాసిటీ చట్టం కింద అవమానం నేరం కావాలంటే అది "జనం కంటబడే చోట" జరగాలి. నాలుగు గోడల మధ్య బయటివాళ్ళెవరూ లేనప్పుడు అన్న మాట దాని కిందికి రాదని 2020 నవంబరులో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరి ఇద్దరే ఉన్న వీడియో కాల్‌లో అన్న మాట? ఆఫీసులో అయితే పక్క సీటువాడు వినేవాడు. ఇక్కడ వినేది మన ఇంటి గోడలు. ఆన్‌లైన్‌లో జనం చూసేలా చేసిన అవమానానికి ఈ చట్టం వర్తిస్తుందని 2022 జూలైలో కేరళ హైకోర్టు ఒక యూట్యూబ్ వీడియో కేసులో చెప్పడం మనకు ఒక ఊత. కానీ మూసిన కాల్ మూసినట్టే ఉంది.

అందుకే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నేను చెప్పేది ఒకటే. నోటితో జరిగినదాన్ని ఆ రోజే రాతలోకి తెండి. కాల్ అయిన పావుగంటలో "ఇందాక మీరు ఇలా అన్నారు, నేను ఇలా అర్థం చేసుకున్నాను" అని ఒక మెయిలు పెట్టండి. తేదీ, టైము మీ డైరీలో రాసుకోండి. నువ్వు రాసిన కోడ్ మీద నీ పేరు ఉండేలా చూసుకో. మనల్ని శతాబ్దాలు రాతకు దూరం పెట్టారు. ఇప్పుడు రాతే మన సాక్షి.

ఆడపిల్లకు రెండు షిఫ్టులు

2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు ముఖ్యంగా ఆడవాళ్ళ కోసం పెద్ద ఎత్తున వర్క్ ఫ్రమ్ హోమ్ తెస్తామన్నారు. సచివాలయం సిబ్బంది ఇంటింటికీ తిరిగి సర్వే కూడా చేశారు. మంచిదే. పెళ్ళయ్యాక ఉద్యోగం మానేసిన మన ఆడపిల్లలు ఎందరో ఉన్నారు.

కానీ ఇంట్లో ఉందంటే ఖాళీగా ఉందనే అర్థం మన మగవాళ్ళకు ఇంకా పోలేదు. దళిత మగవాళ్ళం మనమేం మినహాయింపు కాదు. నాతో పని చేసే ఒక చెల్లి ఒక చెవిలో క్లయింటు మాట, ఇంకో చెవితో కుక్కరు విజిల్ లెక్క. "అన్నా, ఆఫీసుకు పోతే కనీసం బస్సులో గంట నాది" అంది. ఇంటికి ఉద్యోగాన్ని తెచ్చినంత మాత్రాన మేలు కాదు. ఆ ఇంట్లో ఆమెకు తలుపున్న చోటు, ఆమె చేతిలోంచి గరిటె తీసుకునే ఇంకో చెయ్యి కావాలి. ఈ రెండో దానికి ప్రభుత్వం అక్కర్లేదు.

రమ్మన్నప్పుడు రావాలి, పొమ్మన్నప్పుడు పోవాలి

2020లో టీసీఎస్ ఒక లెక్క చెప్పింది. 2025 నాటికి ఒక సమయంలో నాలుగోవంతు మంది ఆఫీసులో ఉంటే చాలని. అదే కంపెనీ 2023 అక్టోబరు నుంచి వారానికి ఐదు రోజులూ ఆఫీసుకే రమ్మంది. ఒక్క కంపెనీ సంగతి కాదు, గాలి అటు తిరిగింది.

కూకట్‌పల్లిలో సొంత ఫ్లాటున్నవాడికి ఇది సూట్‌కేసు పని. మనకు మళ్ళీ అడ్వాన్సు, మళ్ళీ బ్రోకరు, మళ్ళీ "మీరేవిట్లు?" ఊళ్ళో అప్పు చేసి కొన్న ఇన్వర్టరు వసారాలో దుమ్ము పట్టాలి. రాలేనంటే లేఆఫ్ లిస్టులో పేరు ముందుకొస్తుంది. ఇల్లా ఆఫీసా అన్న చర్చ పత్రికల్లో చాలా జరుగుతోంది. ఏది మంచిదన్నది నా ప్రశ్న కాదు. ఏదైనా తేల్చేది వాళ్ళే, ఖర్చు భరించేది మనమే. అక్కడే నా గొడవ.

మనం అడగాల్సింది గది

ఒకప్పుడు మన తరాలు బావి కోసం కొట్లాడాయి. తర్వాత వాడకు రోడ్డు, కరెంటు, శ్మశానానికి దారి. ఇవి ఇంకా పూర్తి కాలేదు, తెలుసు. వాటి పక్కన ఇప్పుడు ఇంకో డిమాండు చేర్చాలి. తలుపున్న గది.

ప్రతి వాడలో అంబేడ్కర్ భవనమో కమ్యూనిటీ హాలో ఉంటుంది. ఏడాదిలో నాలుగు రోజులు తెరుస్తారు. అందులో ఒక వైపు గదులుగా కట్టి, బల్లలు వేసి, ఇన్వర్టరు పెట్టి, మంచి నెట్టు ఇవ్వండి. నెలకు 149 రూపాయలకే ఇంటింటికీ నెట్టు అని 2017లో ఫైబర్ గ్రిడ్ ప్రారంభించుకున్న రాష్ట్రం మనది. ఆ తీగ వాడలో ఒక్క భవనానికి చేరినా ఇరవైమంది పిల్లలు పరీక్షలు రాసుకుంటారు, ఐదుగురు ఉద్యోగాలు చేసుకుంటారు. తెలంగాణలో కూడా ఇదే అడగాలి. సబ్‌ప్లాన్ నిధులు దీనికి వాడమనండి. సర్వే కాగితంలో "ఇంట్లో గది ఉందా" అన్న ప్రశ్నకు "లేదు" అని రాసినవాళ్ళను పక్కన పెట్టడానికి కాదు, వాళ్ళకు గది ఇవ్వడానికి ఆ సర్వే పనికి రావాలి.

కంపెనీలను అడగాల్సినవి వేరు. ఇంటిని ఆఫీసుగా వాడుకుంటే కుర్చీ, కరెంటు, నెట్టు ఖర్చు కంపెనీదే. ఇంట్లో గది లేని పిల్లలకు పరీక్ష రాయడానికి దగ్గరి ఊళ్ళో సెంటరు ఇవ్వాలి. వివక్ష నియమాల్లో మతం, లింగం పక్కన కులం అన్న మాట పేరు పెట్టి ఉండాలి, చాట్‌కీ కాల్‌కీ కూడా అది వర్తించాలి.

వీటన్నిటి వెనక పాత డిమాండు ఒకటి అలాగే ఉంది. రాజ్యాంగంలో 16(4) ప్రభుత్వ కొలువుల దగ్గరే ఆగింది. 2005లో 93వ సవరణతో 15(5) వచ్చి ప్రైవేటు కాలేజీ గేటు దాకా రిజర్వేషన్‌కు దారి వేసింది. ప్రైవేటు ఉద్యోగం గేటు దగ్గర ఇంకా తాళం ఉంది. చదువు దాకా రానిచ్చి కొలువు దగ్గర ఆపితే ఆ చదువును ఏం చేసుకోవాలి?

ఐటీలో ఉన్న మన పిల్లలకు చివరి మాట. మీ జీతం చూసి వాడ గర్వపడుతోంది, పడనివ్వండి. కానీ మీరు ఎలాంటి చోట కూర్చుని ఆ జీతం తెస్తున్నారో కూడా వాడకు చెప్పండి. మీ ఊళ్ళో భవనం తాళం ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి. ఈ ఆదివారం నలుగురు కలిసి తీయించండి. ఒక బల్ల వేయండి. పరీక్ష ఉన్న పిల్లను ముందు కూర్చోబెట్టండి. మిగతాది కలెక్టరేట్ ముందు అడుగుదాం.

వచ్చే భాగంలో: క్యాంపస్ ఇంటర్వ్యూల్లో "కమ్యూనికేషన్ స్కిల్స్" అనే జల్లెడ గురించి.

జై భీమ్.